స్టూడియో మెట్ల మీద

ఏ కొట్టువాళ్లయినా పొద్దున తలుపు తియ్యగానే లైటు వేస్తారు, లేదంటే చీపురు పట్టుకుంటారు. ఫోటోలక్క మాత్రం ఎదురుగా ఉన్న గోడకు ఫోటో తీస్తుంది. పిచ్చనుకునేరు, కాదు, పనే. స్టూడియో నేల మీద టేపు అంటించిన గుర్తుల్లో స్టాండు మూడు కాళ్లూ ఆనిస్తుంది. లెన్సును మెత్తటి గుడ్డతో తుడుస్తుంది. కెమెరాను వీధివైపు తిప్పి రోడ్డుకవతలి అపార్ట్‌మెంటు తెల్లగోడను ఒక్కసారి తీస్తుంది. తెల్లగోడ తెల్లగా వస్తే ఆ రోజంతా మనుషుల మొహాలు మనుషుల మొహాల్లాగే వస్తాయి. నీలంగానో పచ్చగానో వస్తే కెమెరాలో ఏదో సర్దుకోవాలి. ఆ అపార్ట్‌మెంటు మూడో అంతస్తులోనే ఆమె కాపురం. అంటే రోజూ తన ఇంటికి తానే ఫోటో తీసుకుంటుందన్నమాట. ఆ ఫోటోలు వారానికోసారి చెరిపేస్తుంది. గోడ ఫోటోలు ఎవరిక్కావాలి?

ఆ గురువారం గోడ తెల్లగానే వచ్చింది. కానీ ఫోటో చూస్తుంటే ఆమెకు ఎక్కడో ఏదో తేడా కొట్టింది. అపార్ట్‌మెంటు అంచుకీ, పక్కనున్న కరెంటు స్తంభానికీ మధ్య ఎప్పుడూ కాస్త ఆకాశం కనబడేది, జడకు కట్టే రిబ్బనంత. ఇవాళ కింద రిబ్బనంతే ఉంది. పైకి పోయేకొద్దీ సన్నబడి దారమంత అయింది. ఆమె కెమెరా వెనకున్న బుల్లి తెర మీద ఫోటోను పెద్దది చేసి చూసింది. నిన్నటి ఫోటో తీసింది. అందులో ఆ సందు కొంచెం ఎక్కువ. మొన్నటిదాంట్లో ఇంకొంచెం ఎక్కువ. సోమవారం ఫోటోలో కిందా పైనా ఒక్కటే.

స్తంభమే ఒరిగి ఉంటుందిలే అని తనకు తానే సర్దిచెప్పుకుంటూ బయటికొచ్చింది. స్తంభం పక్కనున్న ఖాళీ స్థలం ఇప్పుడు ఖాళీ స్థలం కాదు, పెద్ద గుంట. కొత్త బిల్డింగుకు సెల్లారు తవ్వుతున్నారు. తవ్వకం అపార్ట్‌మెంటు పునాదిని ఒరుసుకుంటూ పోయింది. గుంటలో ఊరే నీళ్లను తోడే మోటారు గురగురలాడుతోంది. కంటికి మాత్రం స్తంభమూ నిటారే, ఇల్లూ నిటారే. రోజూ చూసే ఇల్లు రోజూ చూసినట్టే కనబడుతుంది, ఏం చేస్తాం!

"ఏవమ్మా, నాకు ఫోటో తీస్తావా, లేక ఆ ఇంటికి దిష్టి పెడుతూ నిలబడతావా?" అన్నాడు పాస్‌పోర్టు ఫోటో కోసం వచ్చి కూర్చున్న పెద్దమనిషి.

ఆమె లోపలికెళ్లి తీసింది. ఫోటో కదిలిపోయింది. మళ్లీ తీసింది. స్టాండు మీదున్న కెమెరాతో తీసిన ఫోటో కదిలిపోవడం ఆమె చేతిలో ఎన్నడూ జరగని పని.

మధ్యాహ్నం భోజనానికి మందుల కొట్టునుంచి భర్త ఇంటికొచ్చాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టాడో లేదో ఆమె అనేసింది. "ఏమండీ, మన ఇల్లు ఒరుగుతోంది."

ఆయనకు పొలమారింది. దగ్గీ నవ్వూ కలిసి వచ్చాయి. "ఏమిటీ? ఇల్లా? నువ్వు పొద్దున ఏమైనా తిన్నావా లేదా?"

"నవ్వకండి. నాకు భయంగా ఉంది."

పక్కగదిలో మంచం మీదున్న అత్తగారు అందుకుంది. "ఒరేయ్, దానికి తాడు కనబడితే పామే. కొత్తకోడలప్పుడు మిక్సీ చప్పుడుకే జడుసుకుంది."

భర్త చెయ్యి కడుక్కుని కొత్త ఫోను పట్టుకుని కిందికి దిగాడు. రోడ్డు మీద నిలబడి టకటకా తీసుకొచ్చి ఆమె ముందు పెట్టాడు. "చూడు. స్కేలు పెట్టి గీసినట్టుంది. ఏదీ ఒరగడం?"

నిజంగానే గీత గీసినట్టుంది. ఆమె ఆ ఫోను తీసుకుని కిటికీ దగ్గరికెళ్లి, కావాలనే కాస్త వంకరగా పట్టుకుని ఒకటి తీసింది. తెర మీద బొమ్మ ముందు వంకరగా వచ్చి, రెప్పపాటులో తనంతట తానే సర్దుకుని నిటారుగా నిలబడింది.

"చూశారా? గీతలు వంకరైతే ఇదే సరిచేసేస్తుంది."

"అంత తెలివైన ఫోను చెప్పేది అబద్ధమూ, నీ డొక్కు కెమెరా చెప్పేది నిజమూనా?"

"తెలివైంది కాబట్టే అబద్ధమాడుతోంది. నా కెమెరాకు అంత తెలివి లేదు."

ఆయన తల గోక్కున్నాడు. ఆయనేం చెడ్డవాడు కాదు. రోగుల భయాలు రోజంతా వినీవినీ ఇంటికొచ్చే మనిషికి ఇంటావిడ భయం కూడా ఒక జలుబులాగే అనిపిస్తుంది, అంతే. "సరే, సెక్రటరీగారితో చెప్దాం. నీ మనసు కుదుటపడుతుంది" అన్నాడు.

అపార్ట్‌మెంటు సెక్రటరీ బ్యాంకులో రిటైరైన మనిషి, మాటల్లో మహా మర్యాదస్థుడు. కింద స్కూటర్లు పెట్టేచోట పిల్లర్ మొదట్లో పడిన బీటను ఫోనుతో తీసి, తెలిసిన ఇంజనీరుకు అక్కడికక్కడే పంపించాడు. అది ఆయన పద్ధతి. ఇంజనీరు పద్ధతీ అదే. మనిషి రాడు, ఫోటో వెళ్తుంది, జవాబొస్తుంది. కాసేపటికే ఇంజనీరు గొంతు ఫోనులో మోగింది. "ప్లాస్టర్ బీట సార్. పుట్టీ పెట్టించెయ్యండి. నో ప్రాబ్లమ్."

"విన్నారుగా!" అన్నాడు సెక్రటరీ.

"అది బీట ఫోటో సార్. ఒరిగింది ఇల్లు. ఇవిగో, సోమవారం నుంచి ఇవాళ్టిదాకా నా కెమెరా ఫోటోలు..."

ఆయన కళ్లజోడు సవరించుకుని చూశాడు. "అమ్మా, రోజంతా కెమెరాను అటూ ఇటూ తిప్పుతారు మీరు. గోరంత కదిలితే కొండంత తేడా వస్తుందని మీకు నేను చెప్పాలా?"

ఆమె కెమెరాను వెనక్కి తీసుకుంది. ఎందుకంటే అది నిజమే. పొద్దున కెమెరాను వీధివైపు తిప్పుతుంది, తర్వాత కుర్చీవైపు తిప్పుతుంది. తిప్పిన ప్రతిసారీ ఒక్కచోటే ఆగిందని ఒట్టేసి చెప్పగలదా? ఆ సాయంత్రం పక్క దులుపుతూ గోడకు చెవి ఆనించింది. ఏమీ వినబడలేదు. వినబడకపోవడం ఆమెను ఇంకా భయపెట్టింది.

శుక్రవారం ఆమె స్టూడియో తెరిచింది గానీ ఎవరికీ ఫోటో తియ్యలేదు. కెమెరాను వీధివైపు తిప్పి, స్టాండు మరలన్నీ పటకారుతో బిగించింది. ఎవరి కాలూ తగలకుండా చుట్టూ కుర్చీలు అడ్డం పెట్టింది. మీట నొక్కితే కదులుతుందేమోనని వైరు తగిలించి దూరంనుంచి నొక్కింది. పొద్దున ఒకటి, ఎండెక్కాక ఒకటి, నీడ వాలాక ఒకటి. ఫోటో కోసం వచ్చినవాళ్లను "మిషను బాగాలేదు" అని పంపేసింది. మధ్యమధ్య ఎదురుగా కనబడే తన ఇంటి బాల్కనీ వైపు చూసింది. అత్తగారి తువ్వాలు ఆరేసి ఉంది. కింద వాటాలో మిషను కుట్టే ఆవిడ గుమ్మంలో కూర్చుని గుండీలు కుడుతోంది. ఆవిడ పిల్లలిద్దరూ ఆ పిల్లర్ చుట్టూనే పరిగెత్తి ఆడుకుంటున్నారు. వాళ్లు పిల్లర్‌ను కౌగిలించుకుని తిరిగినప్పుడల్లా ఈమె గుమ్మం దాకా వచ్చి ఆగేది.

సాయంత్రం ఫోటో చూసింది. పైన సందు లేదు. గోడ అంచు స్తంభానికి ఆనుకుపోయింది.

ఆమె అక్కడే నేల మీద కూలబడింది. ఇప్పుడు కెమెరా కదల్లేదు. కదిలింది ఇల్లు. తను చెప్పిందే నిజమైంది. ఆ నిజం అబద్ధమైపోతే బాగుండునని జీవితంలో మొదటిసారి కోరుకుంది.

శనివారం పొద్దున్నే సెక్రటరీ తలుపు కొట్టింది. వరసగా మూడు ఫోటోలూ చూపించింది. ఆయన మొదటిది చూశాడు, రెండోది చూశాడు, మూడోదాని దగ్గర ఆయన బొటనవేలు ఆగిపోయింది. మొహంలో రంగు పోవడం ఆమె స్పష్టంగా చూసింది. రంగు చూడ్డమే కదా ఆమె పని.

తర్వాత ఆయన తలుపు దగ్గరగా వేసి గొంతు తగ్గించాడు. "సోమవారం మా ఫ్లాటు చూడ్డానికి పార్టీ వస్తున్నారమ్మా. ఈ మాట బయటికి పొక్కితే నాదేమిటి, మీ ఫ్లాటు కూడా చిల్లిగవ్వకు కొనరు. సోమవారం దాకా ఆగండి. మంగళవారం నేనే దగ్గరుండి ఇంజనీరును తీసుకొస్తాను."

"సార్, అప్పటిదాకా ఆగుతుందా?"

"ఇన్నాళ్లూ నిలబడింది, ఈ రెండ్రోజులకేం? అనవసరంగా జనాన్ని బెదరగొట్టకండి. పిచ్చిదన్న పేరొస్తుంది."

ఆమె ఊరుకోలేదు. మెట్లెక్కీ దిగీ అన్ని తలుపులూ కొట్టింది. ఒకాయన విని ఆవులించాడు. ఒకావిడ "ఇంజనీరు చెప్పాడుగా!" అని తలుపేసుకుంది. మిషను కుట్టే ఆవిడ మాత్రం భయపడింది. "పిల్లల్తో ఎక్కడికి పోనక్కా? పోయి ఎన్నాళ్లుండను?" అంది. చెవిటివాడి ముందు శంఖమూదడం అంటారే, అంతకంటే అన్యాయం ఇది. వీళ్లకు చెవులున్నాయి.

తన వాళ్లనైనా దాటించుకుందామని ఇంటికెళ్లింది. "అత్తయ్యా, నాలుగు రోజులు మా అక్క ఇంట్లో ఉందాం."

"నా మోకాళ్లు చూశావుటే? నన్ను దింపాలంటే నలుగురు మొయ్యాలి. ఆ నలుగురూ మొయ్యాల్సినప్పుడు ఎలాగూ మోస్తారు, తొందరేం?" అంది అత్తగారు. చెప్పి, తన హాస్యానికి తానే నవ్వుకుంది.

ఫోటోలక్కకు ఏడుపొచ్చింది. నిలబడి వెక్కివెక్కి ఏడ్చింది. భర్త కంగారుపడి మంచినీళ్లిచ్చాడు. "నీ పిచ్చిగానీ, భయపెట్టి రమ్మంటే ఒక్కడూ బయటికి రాడే. అదే పెద్ద కెమెరాతో ఊరికే ఫోటో తీస్తానను, పిలవని వాళ్లూ తయారై వస్తారు" అన్నాడు, నవ్విద్దామని.

ఆమె ఏడుపు ఆగిపోయింది.

ఆ సాయంత్రమే మెట్ల దగ్గర కాగితం అంటించింది: ఆదివారం పొద్దున అపార్ట్‌మెంటు అందరికీ గ్రూప్ ఫోటో, ఫ్రేము కట్టించి ఇంటింటికీ ఉచితం, అందరూ ఉండాలి. తన ఇంట్లోనే ఎవరికీ అసలు సంగతి చెప్పలేదు. భార్య భయం వదిలిందని భర్త సంబరపడ్డాడు. అత్తగారైతే పెట్టెలోంచి కొత్తచీర తీయించింది. "ఫోనులో ఎప్పుడు తీసినా నా మొహం పిండి పూసినట్టు నున్నగా వస్తోంది. అది నేను కాదు. ఈ ముడతలన్నీ రావాలి. కష్టపడి తెచ్చుకున్నవి" అంది. మోకాళ్ల మాటే ఎత్తలేదు!

ఆదివారం గుంటలో పని లేదు. మోటారు ఒక్కటే మోగుతోంది. స్టూడియో ముందు నాలుగు వెడల్పాటి మెట్లున్నాయి, వరసలు వరసలుగా నిలబెట్టడానికి సరిగ్గా సరిపోతాయి. ఆమె స్టాండును రోడ్డు మధ్యకు తెచ్చి కెమెరాను మెట్లవైపు తిప్పింది. అంటే అపార్ట్‌మెంటు ఆమె వీపు వెనక. అటు చూడకూడదని ఒట్టు పెట్టుకుంది. చూస్తే మొహంలో తెలిసిపోతుంది.

అందరికంటే ముందు దిగింది సెక్రటరీ. భార్యతో సహా వచ్చాడు. చంకలో ఒక బరువైన సంచి ఉంది. ఫోటోకు సంచి దేనికని ఆమె అడగలేదు. ఆయన ఆమె కళ్లలోకి చూడలేదు.

తర్వాత ఒక్కొక్కరూ వచ్చారు. ఇస్త్రీ బట్టలు, తడి తలలు, పౌడర్ వాసన. అత్తగారిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మగాళ్లు మూడంతస్తులూ మోసుకొచ్చారు. ఆవిడ దారంతా "మెల్లిగార్రా, గుమ్మడికాయను కాదు" అని అరుస్తూనే ఉంది. ముందు వరస మధ్యలో దించారు.

"రెండో అంతస్తు మాస్టారింట్లో అందరూ వచ్చారా? పైన అద్దెకుండే కుర్రాళ్లేరీ?" ఫోటోలక్క మొహాలు చూస్తూ ఇల్లిల్లూ పిలిచింది. ఒకళ్లు తక్కువైతే మనిషిని పంపి రప్పించింది. పొడుగువాళ్లను వెనక్కు, పొట్టివాళ్లను ముందుకు పంపింది. వెలుతురు చాలదంటూ ఆగింది, ఎక్కువైందంటూ మళ్లీ ఆగింది.

"అక్కా, ఫోనైతే ఈపాటికి వంద తీసేసేవాళ్లం" అన్నాడు ఒక కుర్రాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు పెదవుల మీదే ఎండిపోయింది. ఇంకెంతసేపు నిలబెట్టగలదు? ఎంతసేపని నిలబెట్టాలి? గంటా, పూటా? కూలకపోతే? కూలకపోతే తను నవ్వులపాలు. కూలితే... ఆ మాట మనసులో కూడా పూర్తి చెయ్యలేకపోయింది.

వంగి కెమెరాలోంచి చూసింది. ఒక్కొక్క మొహమూ దాటుకుంటూ వచ్చింది. ఆయనేడీ?

అంతలో మెట్ల మీదివాళ్లంతా ఆమె తల మీదుగా పైకి చూసి నవ్వుతూ చేతులూపడం మొదలెట్టారు. ఆమె గిరుక్కున తిరిగింది. మూడో అంతస్తు బాల్కనీలో భర్త! చార్జింగ్‌లో పెట్టిన ఫోను తెచ్చుకోడానికి పైకెళ్లినట్టున్నాడు. అక్కడినుంచే ఫోను చాచి పట్టుకుని అరుస్తున్నాడు. "ఇక్కణ్ణుంచైతే అందరూ పడుతున్నారు! అటు కాదు, ఇటు చూడండి!"

ఆమె పైప్రాణాలు పైనే పోయాయి.

"దిగండి!" అని అరిచింది. గొంతు పగిలిపోయింది. "ఇల్లు పడిపోతోంది, దిగండి! మీకు దండం పెడతాను, దిగండి!"

ఆయన ఫోను వెనకనుంచి మొహం బయటపెట్టాడు. నవ్వాలో వద్దో తెలియని మొహం. మెట్ల మీద నవ్వులు ఆగిపోయాయి. అప్పుడు అత్తగారు కుర్చీ చేతులు పట్టుకుని, ఆ మోకాళ్లతోనే లేచి నిలబడింది.

"ఒరేయ్, దిగరా!"

ఆ పిలుపుకు ఆయన యాభయ్యేళ్లూ ఎగిరిపోయాయి. బాల్కనీలోంచి మాయమయ్యాడు. ఆయన కింది గుమ్మంలో కనబడేదాకా ఆమె ఊపిరి తీసుకోలేదు. రోడ్డు దాటి ఆయన పక్కకు రాగానే చొక్కా గుప్పిట పట్టుకుని వదల్లేదు.

"ఏమిటే ఈ నాటకం? నలుగురిలో నా పరువు..." అన్నాడాయన రొప్పుతూ.

"అంటే ఫోటో కాదా? మమ్మల్ని అబద్ధమాడి దింపావా?" అన్నాడు మాస్టారు. "ఆదివారం పూట పనీపాటా లేదనుకున్నావా?" అంది ఒకావిడ. తలా ఒక మాటా అన్నారు. కొందరు మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చేశారు, ఇళ్లకు పోదామని. ఆమె రెండు చేతులూ చాచి అడ్డం నిలబడింది. "ఒక్క పూట ఉండండి. మీ కాళ్లు పట్టుకుంటాను." ఎవరూ వినలేదు.

మిషను కుట్టే ఆవిడ పిల్లలిద్దర్నీ పట్టుకుని మధ్యలో ఆగింది. "సెక్రటరీగారూ, మీరే చెప్పండి. నిజంగా ఏమైనా ఉందా?"

అందరూ ఆయనవైపు చూశారు. పై మెట్టు మీద నిలబడ్డ ఆయన సంచిని ఇంకా గట్టిగా అదుముకున్నాడు.

"ఏమీ లేదమ్మా. వెళ్లండి. ఏమీ లేదు."

"ఏమీ లేకపోతే నువ్వు మెట్టు దిగవేం నాయనా?" అంది అత్తగారు.

ఆయన కాలు కదపలేదు. రోడ్డు మీదికి వచ్చినవాళ్లు ఆయన కాళ్లవైపు చూశారు, మొహంవైపు చూశారు. మాస్టారు అందరికంటే ముందు వెనక్కి తిరిగి మెట్టెక్కాడు. తర్వాత మిగతావాళ్లు.

ఫోటోలక్క మొహాలనే చూస్తోంది. అవి మళ్లీ పైకి లేచాయి, ఆమె తల మీదుగా. ఈసారి చెయ్యి ఎవరూ ఊపలేదు. నోళ్లు తెరుచుకున్నాయి. ఒక పిల్ల తల్లి చీరలో మొహం దాచుకుంది. ఏమవుతోందో ఆమెకు తిరిగి చూడకుండానే తెలిసింది. లారీ కంకర దింపినట్టు మొదలైన చప్పుడు అంతకంతకూ పెరిగి, కాళ్ల కింద రోడ్డు అదిరింది. భర్త ఆమెనూ స్టాండునూ కలిపి మెట్లవైపు లాగేశాడు. అపార్ట్‌మెంటు పక్కకు ఒరిగి, గుంటలోకి కూర్చున్నట్టుగా కూలిపోయింది. మోటారు ఆగిపోయింది.

దుమ్ము వచ్చి అందరినీ కమ్మేసింది. దగ్గులు, ఏడుపులు. ఎవరి పిల్లలను వాళ్లు తడుముకుంటున్నారు. "లోపల ఎవరైనా ఉన్నారా? ఎవరైనా ఉండిపోయారా?" అని ఎవరో ఒకటే అరుస్తున్నారు. ఎవరు ఉన్నారో, ఎవరు లేరో ఎవరికీ తెలియడం లేదు.

దుమ్ము కాస్త దిగాక అత్తగారి గొంతు వినబడింది. కొత్తచీరా, ముడతలూ, వెంట్రుకలూ అన్నీ తెల్లబడిపోయి ఉంది. "అమ్మాయ్, ఇప్పుడు తియ్యవే ఫోటో. ఎవరింటివాళ్లు వాళ్ల పక్కన నిలబడండర్రా. ఎవరు లేరో తేలిపోతుంది."

అందరూ నిలబడ్డారు, చెప్పిన మాట వినే బడిపిల్లల్లాగా. భర్త స్టాండును నిలబెట్టి రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. ఆమె కొంగుతో లెన్సు తుడిచి, కళ్లు తుడుచుకుని, వంగి చూసింది. మాస్టారింటివాళ్లున్నారు. పైన కుర్రాళ్లున్నారు. మిషను కుట్టే ఆవిడా, ఆవిడ చంకలో ఒకడూ, చేతిలో ఒకతీ ఉన్నారు. అత్తగారుంది. ఇల్లిల్లూ, మొహం మొహం చూసింది. అందరూ ఉన్నారు.

ఒక్క మొహం మాత్రం కనబడటం లేదు. పై మెట్టు చివర మనిషి ఉన్నాడు, సంచీ ఉంది.

"సెక్రటరీగారూ, తల కొంచెం పైకెత్తండి" అంది.

ఆమె ఆగింది. అందరూ ఆగారు. ఆయన ఎత్తలేకపోయాడు. ఆమె అలాగే తీసింది.